కిరసనాయిలు కళ్లం

రిటైరైన బ్యాంకు ఉద్యోగిని ఎవరూ ఒంట్లో ఎలా ఉందని అడగరు. ఏ షేరు కొనమంటారని అడుగుతారు. మా వీధిలో కొత్తగా ఉద్యోగాల్లో చేరిన కుర్రవాళ్లు కొందరు ఆదివారం పొద్దున వచ్చి, మా ఆవిడ ఇచ్చిన కాఫీ తాగి, పత్రికలో అచ్చయిన అంకెలు నా ముందు పరుస్తారు. ఫలానా కంపెనీ కిందటేడు భలే డివిడెండు ఇచ్చిందండీ, కొనేద్దామా అంటారు. నేను ఒకటే అడుగుతాను. "ఎండిన ఏడు ఎంత ఇచ్చింది?" ముసలాయనకు చాదస్తం ముదిరిందని అనుకుంటారేమో, పైకి మాత్రం అనరు. కాఫీ బాగుంటుంది మరి.

నాయనలారా, ఆ ప్రశ్న నేను పుస్తకంలో చదివింది కాదు. నా నౌకరీలో మంచిచెడ్డలు తూచిన కంపెనీలు చాలా ఉన్నాయి. వాటిలో సగం పేర్లు ఇప్పుడు గుర్తు కూడా లేవు. ఒక్క చమురు కంపెనీ మాత్రం గుర్తుంది. దాని బావులు నేను చూడలేదు, దాని దొరలను చూడలేదు. దాని కళ్లం మాత్రం చూశాను. షేరుకు కళ్లమేమిటని తొందరపడకండి, చెప్పబోయేది అదే.

తెల్లదొరల కాలం. కర్నూల్లో ఒక మద్రాసు బ్యాంకు శాఖలో నేను సెక్యూరిటీల గుమాస్తాను. పేరు ఘనం, పని తక్కువ. అప్పట్లో మా ఊళ్లో డబ్బున్నవాళ్లు భూమి కొనేవాళ్లు, బంగారం కొనేవాళ్లు, అదీ కాకపోతే కోర్టులో ఒక దావా కొని తెచ్చుకునేవాళ్లు. షేర్లు కొనేవాళ్లు అరుదు. సర్కారు రుణపత్రాల మీద వడ్డీ రాబట్టి ఖాతాదార్లకు జమ చెయ్యడమే నా కొలువు. మా ఏజెంటు, అంటే ఇప్పటి మాటలో బ్రాంచి మేనేజరు, మద్రాసు వైపు మనిషి. నవ్వితే బ్యాంకు నిల్వ తరిగిపోతుందన్నట్టు ఉండేవాడు. ఏం చెప్పినా "రాతలో పెట్టవయ్యా" అనేవాడు. ప్యూను కడుపునొప్పి అని ఇంటికి పోతానన్నా రాతలో పెట్టాల్సిందే.

ఒకనాడు పత్తికొండ వైపు పల్లె నుంచి ఇద్దరు వచ్చారు. ఒకాయన తెల్ల తలపాగా చుట్టిన పెద్దాయన, ఆ ఊరి క్రైస్తవ సంఘానికి పెద్ద. ఆయన వెంట ఆ ఊరి బడి టీచరమ్మ. ఆమెది గండికోట దగ్గర పల్లె. చిన్నతనంలోనే భర్త పోతే, చదువుకుని, మిషను వాళ్లు పంపితే ఇక్కడికి వచ్చి స్థిరపడింది. బెంచీ చూపించి కూర్చోమన్నాను. టీచరమ్మ కూర్చుంది. పెద్దాయన బెంచీ అంచున, లేవమంటే తక్షణం లేవడానికి వీలుగా, సగం కూర్చున్నాడు.

వాళ్ల కష్టం చెప్పుకొచ్చారు. ఆ సంఘంలో అందరూ కూలికి పోయేవాళ్లు, లేదంటే ఇతరుల భూమి కోరుకు, అంటే పండినదాంట్లో భాగం కొలిచిచ్చే ఒప్పందానికి, చేసేవాళ్లు. ఏటా కోతలైపోయాక తమ ప్రార్థన గుడిలో కోత పండుగ చేసి, ఇంటికొక గంప కొర్రలో, వేరుశనగ బుడ్డలో, ఒక కోడో తెచ్చి అక్కడే వేలం వేస్తారు. అలా ఏళ్ల తరబడి కూడబెట్టిన సొమ్మును మా బ్యాంకు ద్వారా సర్కారు రుణపత్రాల్లో ఉంచారు. దాని మీద వచ్చే వడ్డీయే టీచరమ్మ జీతం. ఇప్పుడు పాత పత్రాల గడువు తీరింది. సర్కారు కొత్త పత్రాలకు ఇచ్చే వడ్డీ బాగా తగ్గించింది. దాంతో జీతం పూర్తిగా రాదు. జీతం పూర్తిగా కట్టలేకపోతే వేసవి దాటాక టీచరమ్మను ఇంకో ఊరికి మార్చి, బడి మూసేస్తామని మిషను వాళ్లు చెప్పేశారు.

"నాకు ఇంకో ఊరు దొరుకుతాదండీ," అంది టీచరమ్మ. "వీళ్లకు ఇంకో బడి దొరకదు."

పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "సామీ, ఆ డబ్బాల కంపెనీలో భాగాలు అమ్ముతారంట గదా. టీచరమ్మ పేపర్లో చూసినాది. సర్కారు కంటే వాళ్లు ఎక్కువ ఇస్తాండారంట. ఆడ పెడితే ఎట్లా ఉంటాది?"

డబ్బాల కంపెనీ అంటే కిరసనాయిలు కంపెనీ. మీకు నవ్వు రావచ్చు గాని, అప్పటి పల్లెలకు ఆ కంపెనీ అంటే నూనె కన్నా డబ్బానే. నీళ్లు మోసేది ఆ డబ్బాలతో, గింజలు పోసుకునేది ఆ డబ్బాల్లో. ఆ ఊళ్లో గుడి పైకప్పు కూడా డబ్బాలు చీల్చి సాగగొట్టి పరిచిన రేకులే. పాట పాడుతూ తల పైకెత్తితే కంపెనీ ముద్ర తలకిందులుగా కనిపించేది. ఆ ముద్ర ఉన్న చోటల్లా నిలబడే ఉంది, కారలేదు, కాబట్టి కంపెనీ మంచిదని వాళ్ల వాదన. నేను చదివిన అర్థశాస్త్రంలో దీనికి జవాబు లేదు.

ఏజెంటుకు చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "మన బ్యాంకు సలహా ఇవ్వదు. నువ్వు వాకబు చేసి చెప్పు. రాతలో పెట్టు. చెడితే నీ పేరు పెట్టు."

మాది ఆలూరు వైపు, అప్పుడు బళ్లారి జిల్లాలో ఉండేది. మా నాయన భూమి కొనాలంటే ఎండలు మండే నెలలో పోయేవాడు. పైరు ఊగుతున్నప్పుడు పొలం చూడడం పెళ్లిబట్టల్లో పిల్లను చూడడం లాంటిదనేవాడు. బావిలో రాయి వేసి చప్పుడు వినేవాడు. ఊట ఒకవైపు నుంచేనా, నాలుగు వైపుల నుంచా అని దిగి చూసేవాడు. అన్నిటికన్నా ముందు, కరువొచ్చిన ఏడు ఇందులో ఏం పండిందని అడిగేవాడు. "పండిన ఏడు ఎవడైనా ఇస్తాడ్రా. ఎండిన ఏడు ఏమిస్తాడో అదీ వాని సంగతి" అనేది ఆయన మాట. చమురు కంపెనీని కూడా అలాగే చూస్తే ఏం పోతుందని నాకు తోచింది. వేరే విధానం నాకు చేతనైతే కదా!

మద్రాసు బ్రోకరుకు రాసి ఆ కంపెనీ పాత వార్షిక నివేదికలన్నీ తెప్పించాను. మంచి సంవత్సరాలవి పక్కన పెట్టాను. అంతకు కొన్నేళ్ల ముందే ప్రపంచమంతా ధరలు కుప్పకూలాయి. బుడ్డలు పండించిన మా రైతులు గంపలతో సహా నష్టపోయిన రోజులవి. ఆ సంవత్సరాల నివేదికలు ముందేసుకున్నాను. కంపెనీ డివిడెండు తగ్గించింది గాని ఎగ్గొట్టలేదు. అప్పు చేసి ఇచ్చిందా అని చూశాను, కాదు. బాగా పండిన ఏళ్లలో అంతా పంచిపెట్టకుండా కొంత వెనకేసుకుంది, ఎండిన ఏళ్లలో దాంట్లోంచి తీసింది. విత్తనాలు కూడా కోరు కింద కొలిచిచ్చే రైతును చూసి మురిసిపోకూడదు. మరుసటి ఏడు వాడు ఏం విత్తుతాడు?

ఇక ఊటల సంగతి. కంపెనీకి బర్మాలో బావులున్నాయి. ఆ నూనెను శుద్ధిచేసే కార్ఖానా దానిదే, మోసే ఓడలు దానివే, ఊరూరా గిడ్డంగులు దానివే. వేరే దేశంలో ఇంకొకరు తవ్విన బావుల్లోనూ వాటా ఉంది. పచ్చినూనె ధర పడిపోతే బావుల మీద దెబ్బ, కాని శుద్ధిచేసి అమ్మడంలో మిగులుతుంది. ఒక ఊట సన్నగిల్లితే ఇంకోటి పారుతుంది. నాలుగు వైపుల ఊట ఉన్న బావి అన్నమాట.

కాగితాలు చాలవనిపించి రైలెక్కి ద్రోణాచలం, అంటే ఇప్పటి డోన్, పోయాను. మా వైపు పల్లెలకు నూనె సరఫరా అయ్యే గిడ్డంగి అక్కడ స్టేషను పక్కనే ఉండేది. దాన్ని చూసుకునే సాహెబు భారీ మనిషి, భారీ నవ్వు. చాయ్ తెప్పించాడు. కరువులో అమ్మకం ఏమవుతుందని అడిగాను.

"వాన రాకుంటే జనం పప్పు మానేస్తారు, కొత్త గుడ్డ మానేస్తారు, షాదీలు గూడా ఆపుతారు భాయ్," అన్నాడు. "దియా మాత్రం మానరు. వత్తి తగ్గిస్తారు, బస్."

ఆ ఒక్క మాటకు ఆ ప్రయాణం గిట్టుబాటైంది. ఏజెంటుకు నివేదిక రాసిచ్చాను. ధర కూడా అప్పుడు అందుబాటులోనే ఉందనీ, అయినా సొమ్మంతా పెట్టవద్దనీ, సగం సర్కారు పత్రాల్లో ఉంచి సగం మాత్రమే షేర్లలో పెట్టమనీ రాశాను. ఆయన రెండుసార్లు చదివి, "ఊటలేమిటయ్యా, బావులేమిటయ్యా, ఇది బ్యాంకు నివేదికా, వ్యవసాయ శాఖదా?" అన్నాడు. కాని కొట్టెయ్యలేదు.

ఊరికి పోయి గుడిలో అందరినీ కూర్చోబెట్టి చెప్పాల్సి వచ్చింది. ఆ రేకుల కప్పు కింద నిలబడి నేను చెప్పిన మాటలే తరువాత జరిగిన రభసకంతా మూలం. "సర్కారు పత్రం గుత్త లాంటిది," అన్నాను. "పండినా ఎండినా ఒప్పుకున్నంత ఇస్తారు, అంతకు మించి ఇవ్వరు. షేరు కోరు లాంటిది. పండితే భాగం పెరుగుతుంది, ఎండితే తగ్గుతుంది. కంపెనీ రైతు. మీరు భూమిగలవాళ్లు."

వెనక నుంచి ఒక ముసలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు అందరికీ అంటుకుంది. పెద్దాయన మాత్రం నవ్వలేదు. "సామీ, మా తాతల కాడి నుంచి కోరు కొలిచి ఇచ్చినోళ్లమే గాని, తీసుకున్నోళ్లం కాదు," అన్నాడు. "దొరలు మాకు కోరు ఇస్తారంటావా?"

"పంచితే మీకూ ఇవ్వక తప్పదు," అన్నాను. "చట్టం."

ఆ రోజు ఆ ముఖాల్లో వెలుగు చూడాలి మీరు. ఇద్దరు పెద్దల పేర్ల మీద షేర్లు కొన్నాం. వచ్చేది కలిపితే టీచరమ్మ జీతానికి సరిపోతుందని లెక్క తేలింది. బడి నిలబడింది.

మొదటి డివిడెండు ప్రకటించారని తెలియగానే ఉత్సాహం పట్టలేక ఊరికి కార్డు రాశాను. కంపెనీ ఈ ఏటి భాగం పంచబోతోంది, త్వరలో అందుతుంది అని. బుద్ధిగా వారంటు, అంటే డివిడెండు చెక్కు, వచ్చేదాకా ఆగి ఉంటే ఈ కథ ఉండేది కాదు. నాలుగు రోజులకు ద్రోణాచలం నుంచి బ్యాంకుకు టెలిగ్రాం వచ్చింది. పంపింది గిడ్డంగి సాహెబు. "మీ జమీందార్లు వచ్చారు. వెంటనే రండి."

ఏజెంటు దాన్ని చదివి నా చేతిలో పెట్టాడు. "పోయిరా. ఇది మాత్రం రాతలో పెట్టకు," అన్నాడు.

రైలు దిగేసరికి స్టేషను అవతల డోలక్కు, తాళాల మోత. గిడ్డంగి ముందర రెండెడ్ల బండ్లు బారుగా నిలిపి ఉన్నాయి. ఎద్దుల కొమ్ములకు రంగు పూశారు. బండ్ల నిండా కడిగి ఎండబెట్టిన ఖాళీ డబ్బాలు. ఆడవాళ్లు చద్దిమూటలు విప్పి గిడ్డంగి నీడలో పిల్లలకు అన్నాలు పెడుతున్నారు. సంఘపెద్ద కొత్త తలపాగా చుట్టుకుని, అచ్చం మా నాయన కళ్లం దగ్గర కూర్చునే తీరులో, కాలు మీద కాలేసుకుని గోనెసంచి మీద కూర్చున్నాడు. సాహెబు ఆయన ఎదుట నిలబడి తల గోక్కుంటున్నాడు.

"వచ్చినావా సామీ," అన్నాడు పెద్దాయన. "ఈ సాయిబు శానా మంచోడు, చాయ్ గూడా ఇప్పిచ్చినాడు. కొలవమంటే మాత్రం కొలవకుండా ఉండాడు. మా కోరు మాకు కొలిచి ఇయ్యమని చెప్పు."

విషయం నా బుర్రకు ఎక్కడానికి కొంచెం సమయం పట్టింది. ఎక్కాక నవ్వాపుకోలేక డబ్బాల బండి చాటుకు పోయాను. కోరు అన్నాను కదా. కోరు ఎక్కడైనా కళ్లంలోనే కొలుస్తారు, పండినదాన్నే కొలుస్తారు. జొన్న పండితే జొన్న, కొర్ర పండితే కొర్ర. కిరసనాయిలు పండించే కంపెనీ కిరసనాయిలు కాక ఇంకేం ఇస్తుంది? నా ఉపమానం నేను అనుకున్న దానికన్నా గట్టిగా పాతుకుంది. టీచరమ్మ ఊళ్లో ఉండి ఉంటే ఆపేదే. సెలవులని పుట్టింటికి పోయింది.

తిరిగొచ్చి మెల్లగా విడమర్చి చెప్పాను. భాగం నూనెగా రాదు, దుడ్లుగా వస్తుంది, బ్యాంకుకే వస్తుంది, మీరు ఎక్కడికీ పోనక్కర్లేదు అని. పెద్దాయన నమ్మలేనట్టు చూశాడు.

"కళ్లం కాడికి పోకుండా కోరు ఇంటికొచ్చేది యాడన్నా ఉండాదా సామీ? ముందు పోనోనికి పొట్టే మిగిలేది. మాకు తెల్దా?"

"ఇక్కడ అట్లా కాదు. నిజంగా వస్తుంది."

"వస్తే మంచిదే," అని ఆయన లేచాడు. సిగ్గుపడతాడేమో, నా మీద కోపం చేస్తాడేమో అనుకున్నాను. అదేం లేదు. తలపాగా సర్దుకుని గిడ్డంగి వైపు చెయ్యి చూపించాడు. "ఇంత దూరం వచ్చినాము. పంట చూసుకుని పోతాం. అదన్నా చూడచ్చా?"

సాహెబు అప్పటికి సంగతంతా గ్రహించి, పొట్ట పట్టుకుని నవ్వీ నవ్వీ అలిసిపోయాడు. "రండి రండి మాలిక్, మీ మాలే కదా, చూసుకోండి," అని తలుపులు బార్లా తెరిచాడు. సంఘమంతా చెప్పులు బయట విడిచి లోపలికి పోయింది. కప్పుదాకా పేర్చిన డబ్బాలు. ఆడవాళ్లు ముద్రలు తడిమి చూశారు. వెనక వరసలో ఒక డబ్బా మూల నుంచి నూనె చుక్క చుక్క కారుతోంది. అంతే, ఆ నవ్విన ముసలమ్మే అందుకుంది. "ఏం సాయిబూ, మా సొత్తు కారిపోతాంటే చూస్తా ఉండావా? జీతం తీసుకోవడం ల్యా?" సాహెబు నిజంగానే గాభరాపడి కూలివాణ్ణి కేకేశాడు. ఆ మూలకు సబ్బు అద్దేదాకా ఆమె అక్కడి నుంచి కదల్లేదు. నేను చూసిన వాటాదార్ల సమావేశాల్లో అంత శ్రద్ధగా జరిగింది ఇంకోటి లేదు.

వారం తిరక్కుండా వారంటు వచ్చింది. పెద్దాయన బ్యాంకుకు వచ్చి, దాన్ని రెండు చేతులతో పట్టుకుని చూసి, నాకే తిరిగిచ్చాడు. "వచ్చిందిలేప్పా. నువ్వు చెప్పినట్టే వచ్చింది," అన్నాడు. అప్పటిదాకా సామీ అన్న మనిషి ఆ రోజు నన్ను అప్పా అన్నాడు, బెంచీ మీద వెన్ను ఆనించి కూర్చున్నాడు. రెండూ నాకు సంతోషమే. ఆ తరువాత ఏటా కోత పండుగ అవగానే వాళ్లు ద్రోణాచలం పోయి గిడ్డంగి చూసుకుని రావడం ఆచారమైపోయింది. సాహెబు వాళ్ల కోసం ముందే ఊడ్పించి ఉంచేవాడు. దాన్ని అందరూ కిరసనాయిలు కళ్లం అనేవారు.

తరువాత యుద్ధమొచ్చింది. రంగూను జపానువాళ్ల చేతికి పోయిందని పత్రికల్లో చదివాం. శత్రువుకు దక్కకూడదని చమురు బావులను ఇటువైపు వాళ్లే పాడుచేసి వచ్చారని కూడా రాశారు. కర్నూల్లో ఆ కంపెనీ షేర్లున్న ఇద్దరు ముగ్గురు వకీళ్లు పరుగున వచ్చి వచ్చిన ధరకు అమ్మేశారు. ఏజెంటు నన్ను గదిలోకి పిలిచాడు. "ఆ పల్లెవాళ్లకు చెప్పు. అమ్మేస్తే మిగిలింది మిగులుతుంది. లేకపోతే ఆ బడికి నువ్వే జవాబుదారీ," అన్నాడు. ఆయన మాటలో కాఠిన్యం లేదు, భయం ఉంది. నాకూ భయమేసింది. అమ్మితే వచ్చే సొమ్ము ఏ పత్రాల్లో పెట్టినా టీచరమ్మ జీతం మళ్లీ ఎప్పటికీ నిండదు. అమ్మకపోతే మొత్తమే పోవచ్చు.

పల్లెకు పోయాను. అదే రేకుల కప్పు కింద నిలబడి ఉన్నదున్నట్టు చెప్పాను. బర్మా బావులు పోయాయి. వస్తాయో రావో తెలియదు. వేరే దేశంలోని వాటా బావులున్నాయి, మిగిలిన ఓడలున్నాయి, వెనకేసుకున్నది ఉంది. ఈ ఏడు కోరు తగ్గవచ్చు, అసలు రాకపోవచ్చు. నా ఆలోచన ఉంచమనే, కాని నా అంచనా తప్పైతే బడి పోతుంది, అది గుర్తుంచుకుని మీరే తేల్చుకోండి అన్నాను.

ముందు టీచరమ్మ లేచింది. "ఆ సర్కారు గుత్త సగం ఎట్లాగూ వస్తాది గదా. ఈ ఏటికి నాకది చాలు. మిషను వాళ్లకు నేను రాసుకుంటా. ఇంటికొక పూట అన్నం పెట్టండి, తింటా."

"పూటకు మా ఇంట్లో సద్దరొట్టే తినల్ల," అని ఎవరో అరిచారు. నవ్వులు లేచాయి.

పెద్దాయన నా వైపు తిరిగాడు. "రైతు ఇల్లు కాలిందని భూమి అమ్ముకుంటామా అప్పా? అమ్మొద్దు." అక్కడితో అయిపోయిందనుకున్నాను. ఆయన కూర్చోలేదు. "ఇంకో మాట. పండిన ఏడు కోరు తీసుకున్నోడు ఎండిన ఏడు రైతుకు విత్తనం ఇయ్యల్ల. అది న్యాయం. మాకు కరువొచ్చినప్పుడు ఇచ్చినోళ్లూ ఉండారు, తలుపేసుకున్నోళ్లూ ఉండారు. ఈ పొద్దు మనం భూమిగలోళ్లం. తలుపేసుకున్నోళ్లం అనిపించుకోవద్దు. ఆ కంపెనీకి ఏమి విత్తనం ఇద్దాము?"

సముద్రాల అవతల ఎక్కడో ఉన్న కంపెనీకి పత్తికొండ పల్లె విత్తనం ఇవ్వడమేమిటి! అవసరం లేదని చెప్పబోయాను. నా మాట ఎవరూ వినలేదు. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. ఆఖరికి ఆ ముసలమ్మే తేల్చింది. యుద్ధం వల్ల రేకు దొరక్క కొత్త డబ్బాలు రావడం లేదనీ, నూనె పీపాల్లో వస్తే పల్లెలకు పంపడానికి పాత్రలు లేక తాను అవస్థ పడుతున్నాననీ సాహెబు కిందటిసారి వాళ్లతో మొరపెట్టుకున్నాడట. "మన ఇండ్లల్లో ఉండేటివి యాడివి? వాళ్లయే గదా," అంది.

మరుసటి వారం ఆ బండ్లే మళ్లీ ద్రోణాచలం కదిలాయి. నేనూ వెంట పోయాను. నీళ్ల డబ్బా, పిండి డబ్బా, కోళ్లు పొదిగే డబ్బా, అన్నీ బూడిదతో తోమి తెచ్చారు. గుడి కప్పు కూడా పీకుదామని ఒక కుర్రాడు అంటే పెద్దాయన కసిరాడట, అది దేవుని వాటా, ముట్టుకోవద్దని. గిడ్డంగి ఖాళీగా ఉంది. అయినా డోలక్కు మోగింది, ఎద్దుల కొమ్ములకు రంగుంది. సాహెబు గడపలో నిలబడి బండ్లు చూశాడు. ఆ రోజు ఆయన నవ్వలేదు. ఒక్కొక్క డబ్బానూ తన చేత్తో దింపుకున్నాడు. పెద్దాయన చేతులు పట్టుకుని "మాలిక్" అన్నాడు, ఈసారి వేళాకోళానికి కాదు. నాకు కన్నీళ్లొచ్చాయి, దాచుకోలేదు.

కర్నూలుకు తిరిగొచ్చి ఏజెంటుకు చెప్పాను. ఆయన అంతా విని, "ఇది రాతలో పెట్టవయ్యా," అన్నాడు. ఏ కాగితంలో పెట్టాలో తెలియక అప్పుడు పెట్టలేదు. ఇప్పుడు పెడుతున్నాను.

ఆ ఏడు డివిడెండు వచ్చింది. తగ్గింది గాని వచ్చింది. వారంటు నేనే పట్టుకుని పల్లెకు పోయాను. గుడిలోనే బడి నడుస్తోంది, పిల్లలు ఎక్కాలు అరుస్తున్నారు, రేకుల కప్పు అదురుతోంది. టీచరమ్మ వాళ్లను చదువుతూ ఉండమని బయటికొచ్చింది. ఇంటికొక పూట తిని ఆమె కాస్త ఒళ్లు కూడా చేసింది. ఎంత వచ్చిందో, ఎంత తగ్గిందో అక్కడే ఉన్న పెద్దాయనకు చెప్పాను.

"ఎండిన ఏడు ఈ మాత్రం కొలిచినోడు మంచి రైతే," అన్నాడు. అటూ ఇటూ చూసి, నా చెవి దగ్గరికి వంగాడు. "మనం ఆ డబ్బాలు ఇయ్యకుంటే ఇది గూడా వచ్చేది కాదులేప్పా."

వివరించి చెబుదామని నోరు తెరిచాను. టీచరమ్మ నవ్వు బిగబట్టుకుని వద్దన్నట్టు తల ఊపింది. ఆ తరువాత ఆ కంపెనీ యుద్ధకాలపు నివేదికలన్నీ తెప్పించి మొదటి పుట నుంచి చివరి పుట దాకా చదివాను. పెద్దాయన చెప్పింది తప్పు అని వాటిలో ఎక్కడా రాసి లేదు.